చేతుల్లో బూట్లు

డ్యాన్స్‌లో గెంతి దిగుతూ కూతురు చీలమండ బెణికించుకున్న నాటి నుంచి ఆ తల్లికి కంటి మీద కునుకు లేదు. ఎక్స్‌రేలో ఎముకకేమీ కాలేదన్నా నమ్మలేదు. "ఏమీ కాకపోతే నొప్పెందుకు? మన దగ్గర ఏదో దాస్తున్నారు" అని ఇంట్లో అందరి బుర్రా తినేసింది. పిల్లను మంచం దిగనివ్వలేదు. మెట్ల దగ్గర రెక్క వదల్లేదు. వాపైతే దిగిపోయింది గానీ, డ్యాన్స్ మొదలెట్టగానే కాలు మళ్లీ మడత పడింది.

ఫిజియోథెరపీ గదిలో పిల్ల ఒకటే మాట అడిగింది. "నేనింక డ్యాన్స్ చెయ్యలేనా?"

"ముందు ఈ కాలి మీద ఎవర్నీ పట్టుకోకుండా నిలబడు. అది కుదిరితే చిన్న చిన్న గెంతులు మొదలెడదాం" అంది ఫిజియో.

పిల్ల మెత్తటి దళసరి పరుపు మీద ఒంటికాలిపై నిలబడింది. చీలమండ గజగజలాడింది. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క అంగలో వెళ్లి నడుం పట్టేసుకుంది.

"వదిలెయ్యండమ్మా" అంది ఫిజియో.

"పడిపోతుందండీ!"

"ఊగనివ్వండి. బెణికిన కాలు నిలదొక్కుకోవడం మరిచిపోతుంది. ఊగితేనే మళ్లీ నేర్చుకుంటుంది. ఇప్పుడు దానికి ఆ అవకాశం ఏదీ?"

పిల్ల కిసుక్కున నవ్వింది. "మా అమ్మ నా నీడ తూలినా పట్టుకుంటుందండీ."

"నోర్ముయ్! ఏదైనా విరిగితే మోసేది నేనేగా!"

రెండోసారీ అంతే. కాలు వణకడమే ఆలస్యం, తల్లి చేతులు నడుం మీదున్నాయి. ఫిజియో గుమ్మం దగ్గర పిల్ల విడిచిన బూట్లు తెచ్చి తల్లికి చెరో చేతిలో ఒకటి పెట్టింది.

"ఆ గోడకి ఆనుకోండి. నేను పక్కనే ఉంటాను. ఇవి మాత్రం కింద పెట్టకూడదు."

పిల్ల మళ్లీ కాలెత్తింది. తల్లి కళ్ల ముందు కట్లు, కర్రలు, ఆపరేషన్ బల్ల అన్నీ గిర్రున తిరిగాయి. పిల్ల ఒక పక్కకు ఒరిగింది. బూట్లు తల్లి గుప్పిళ్లలో నలిగిపోయాయి. పిల్ల కాలివేళ్లు పరుపును గట్టిగా పట్టుకున్నాయి, మడమ అటూ ఇటూ కదిలింది, ఒళ్లు మెల్లగా నిటారుగా వచ్చింది.

"నిలబడ్డానే అమ్మా!"

"మాట్లాడకు, పడతావ్!"

"సరే, రేపు గెంతులు" అంది ఫిజియో.

వెళ్లేటప్పుడు బూట్లు తొడగడానికి తల్లి అలవాటుగా కిందికి వంగింది. వంగినది కాస్తా ఆగి, బూట్లు నేల మీద పెట్టి, లేచి నిలబడింది. పిల్ల ఒంటికాలి మీద తూలుతూనే రెండోది తొడుక్కుంది.

మెట్లు దిగేటప్పుడు మాత్రం, పిల్ల తూలితే అడ్డం ఉండేలా, తల్లి రెండు మెట్లు ముందు నడిచింది.