పక్క చేని నీడ

ఆ ఊళ్లో పొద్దున పదింటి బస్సుకు ఆలూరు పోయేవాళ్లంతా జీవమ్మ నీడలోనే నిలబడతారు. బస్టాపుకు రేకు లేదు, పక్కన చెట్టూ లేదు. పదిహేనేళ్ల కిందట కష్టమైన కాన్పుకు కర్నూలు తీసుకుపోయిన చాకలి శివలీల క్షేమంగా తిరిగి రావాలని జీవమ్మ అక్కడ నిలబడి ప్రార్థన చేసింది. శివలీల బిడ్డతో తిరిగొచ్చింది, జీవమ్మ ఇంటికి పోయింది, నీడ మాత్రం అక్కడే ఉండిపోయింది. అట్లాంటివే బోరింగు దగ్గర ఒకటి, రేషన్ షాపు ముందర ఇంకొకటి. చిన్న ఈరన్న తన మేకల్ని కట్టేసేది కూడా జీవమ్మ నీడలోనే. మేకలకు మతమేముంది, చల్లగా ఉంటే చాలు.

మనసారా చేసిన ప్రార్థనకు నీడ పడుతుందని ఊరందరికీ తెలుసు. బోరు వేస్తే నీళ్లు పడినట్టే అదీ, ఒకరికి పడుతుంది, ఒకరికి పడదు.

జీవమ్మ కోడలు ప్రసన్నకుమారికి పెళ్లయి పన్నెండేళ్లయినా చాటంత నీడ పడలేదు. ఆదివారం ఏసు గుడిలో ప్రార్థనకు తన వంతు వస్తే పక్కామెను చేయమనేది. ఆ ఊరి విశ్వాసులు ఇంట్లో ఎట్లా మాట్లాడుకున్నా దేవుడితో మాత్రం పాత బైబిలు భాషలోనే మాట్లాడాలి. సంఘ పెద్ద దావీదురాజు "కృపాసమృద్ధి గల పరలోకపు తండ్రీ, నీ పాదధూళినైన నేను" అని మొదలుపెడితే అరగంటకు గానీ ఆమెన్ వచ్చేది కాదు. ఆయన ప్రార్థనకు ఎంత నీడ పడుతుందని అడగడం మర్యాద కాదు.

ఈ యేడు ప్రార్థన అవసరం ప్రసన్నకే వచ్చింది. భర్త జోసెఫ్, ఆమె కలిసి ఎకరంలో మిరపనారు నాటారు. నాటిన వారానికి వాన ముఖం చాటేసింది. బోరు గాలి కక్కుతోంది. చేను ఎండితే నిరుడు మాదిరే సుగ్గికి పోవాలి. సుగ్గి అంటే ఇల్లు వాకిలి మూసి, గుంటూరు పక్క మిరపకాయల కోత కూలికి లారీ ఎక్కడం. ఐదో తరగతి చదివే కూతురు కృపావతినీ వెంట తీసుకుపోవాలి. నిరుడు నాలుగు నెలలు బడి మానేసి తిరిగొచ్చినాక, ఆ పిల్ల అందరి వెనక కూర్చుని తల ఎత్తలేదు. ఇంకోసారి పోతే ఇక బడి వైపు చూడదని తల్లికి తెలుసు.

నీడ పడాలంటే చేని దగ్గరే నిలబడి ప్రార్థించాలి. జీవమ్మ చూస్తే తుంటి ఎముక విరిగి మంచం మీదుంది.

"మంచంతో పాటే మోసుకపోతాం లేమ్మా" అన్నాడు జోసెఫ్.

"నన్ను మోసేది ఇంకొక్కసారే, దానికి తొందరేం లేదు. నీ పెండ్లాన్ని పొమ్మను."

"నాకు యాడొస్తాదత్తా ప్రార్థన?" అంది ప్రసన్న.

"నాతో కొట్లాడేటప్పుడు శానా బాగా వస్తాది కదమ్మే నోరు. అదే నోరు."

ప్రసన్న నమ్మలేదు. దావీదురాజు దగ్గరికి పోయి, కాగితం మీద మంచి ప్రార్థన రాయించుకుని బట్టీ పట్టింది. మూడు రోజులు మిట్టమధ్యాహ్నం చేలో నిలబడి ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పింది. ఎండ ఎండలాగే కాసింది.

నాలుగో రోజు కాగితం ఇంట్లో పడేసి నీళ్ల బిందె ఎత్తుకుంది. మొక్కకో చెంబు పోస్తూ పోతుంటే, గట్టు అవతలి చేలో చిన్న ఈరన్న భార్య గిడ్డమ్మ నెత్తిన చేయి పెట్టుకుని కూర్చుని కనిపించింది. ఈరన్న జ్వరంతో పడి ఉన్నాడు, నీళ్లు మోసే దిక్కు లేదు. ఆమె మిరప అప్పుడే సగం వాలిపోయింది. ముసలి గిడ్డమ్మ ఏడుస్తోంది. ప్రసన్న బిందె దించి తల పైకెత్తింది.

"ఏమప్పా దేవా, యాడుండావు? ఈయమ్మ నీకేం చేసింది? నడుము వంచి ఒక్కతే నాటింది కదప్పా! నన్ను చూడకపోతే పోనీ, ఈమెనన్నా చూడు!"

ఆమెన్ అనడం కూడా మరిచిపోయింది. నీడ పడింది. గట్టు నుంచి ఆ కొస దాకా గిడ్డమ్మ చేను మొత్తం మీదా పడింది. ఇవతల ప్రసన్న చేను మాత్రం పెనం మాదిరి కాలుతూనే ఉంది. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి కోపమొచ్చింది.

"అది కాదప్పా, నా చేను ఈ పక్కుండాది!"

ఇంటికి పోయి అత్త మీద ఎగిరింది. జీవమ్మ పగలబడి నవ్వింది.

"మన వాకిట్లో ఎప్పుడన్నా నా నీడ చూసినావా? నా కోసం చేసుకున్నవి శానా ఉండాయి, ఒక్కదానికీ పడలే. ఊరోళ్ల కోసం చేసినవాటికే పడినాయి."

"ముందే చెప్పొచ్చు కదత్తా!"

"చెప్తే నువ్వు నీడ కోసం గిడ్డమ్మకు చేసిందువు, గిడ్డమ్మ కోసం కాదు. పో, పోయి నీళ్లు మొయ్."

మరుసటి మధ్యాహ్నం గిడ్డమ్మ గట్టు మీద నిలబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉరుకుంద ఈరన్నస్వామికి తప్ప ఇంకొకరికి చేతులు జోడించి ఎరగదు.

"జీవమ్మోళ్ల దేవుడా, నీకెట్లా మొక్కాల్నో నాకు తెలీదు. టెంకాయ తెచ్చినా, వద్దంటే ఇంటికి తీసుకపోతా. ఈ పిల్ల నా చేను కోసం నీతో కొట్లాడింది. దీని చేను ఎండగొడితే నేనొప్పుకోను!"

గట్టు దాటి ప్రసన్న చేను కొస దాకా నీడ పరుచుకుంది. విషయం తెలిసి దావీదురాజు గొడుగేసుకుని వచ్చాడు. రెండు చేలూ చుట్టి చూశాడు. గొడుగు మూసి, చెప్పులు విడిచి, "ఆమెన్" అన్నాడు. ఆయన జన్మలో చేసిన చిన్న ప్రార్థన అదే.

ఆ నీడలో చెంబెడు నీళ్లు మూడు రోజులు నిలిచాయి. వాలిన మొక్కలు తల ఎత్తాయి. పన్నెండో రోజు వాన పడింది. క్రిస్మస్ నాటికి రెండు చేలూ ఎర్రబడ్డాయి, కృపావతి ఒక్క రోజు కూడా బడి మానలేదు.

పండుగైన వారానికి సుగ్గి లారీ వచ్చింది. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ నాగరాజు రోడ్డు మీద నుంచే అరిచాడు.

"జోసెఫన్నా, ఎక్కండి! బండి నిండుతాంది!"

ప్రసన్న మిరప సాలులో నుంచి లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మేం రాము నాగరాజూ! మా రెండు చేలు కోసేదానికే మనుషులు చాలక ఎతుకుతాండాం. నువ్వే పదిమందిని ఈడ దింపిపో!"

లారీలో నుంచి పదకొండు మంది దిగారు.