శుక్రవారం పలక

మా ఆఫీసు ఒక పాత ఇంటి ముందు హాలు. ముందువైపు వలలు, తాళ్ళు టోకున అమ్మే వ్యాపారం. వెనక మా మొదలాళి, అంటే యజమాని, ఆదికేశవులు గారి సంసారం. వీధిలోంచి తిన్నె ఎక్కితే గడప వస్తుంది. జానెడు ఎత్తున్న టేకు గడప. ప్రతి శుక్రవారం మొదలాళి తల్లి విశాలాక్షి అవ్వ దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. దాన్ని ఎవరూ తొక్కరు, దాటి వెళ్తారు.

నేను దాటలేను. చిన్నప్పటినుంచి నా కాళ్ళు లేవవు. చక్రాల కుర్చీలోనే తిరుగుతాను.

ఇక్కడ లెక్కలు రాసే పనిలో చేరిన కొత్తలో, సరుకు మోసే తంగవేల్ అన్న ఎవరో ఒకరిని తోడు పిలుచుకుని, కుర్చీతో సహా నన్ను ఎత్తి హాల్లో పెట్టేవాడు.

"వల మూటకంటే నువ్వే తేలిక పాప్పా," అని నవ్వేవాడు.

మంచి మనిషే. కానీ గాలిలో ఉన్నంతసేపూ నా మాట ఎవరికీ వినిపించదు. చున్నీ జారితే సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. తంగవేల్ అన్న హార్బరుకు వెళ్ళిన రోజు, ఆయన తిరిగి వచ్చేదాకా వీధిలో చెప్పుల మధ్య కూర్చునేదాన్ని. మా ఊరి బడికి ఏడో తరగతి దాకా అమ్మ నన్ను చంకన వేసుకుని వెళ్ళింది. ఉద్యోగానికి కూడా అలాగే వెళ్ళకూడదని అనుకున్నాను. పెరట్లో బాత్రూముకు ఇంకో గడప ఉంది. అందుకని ఇంట్లో బయల్దేరినప్పటినుంచి తిరిగి వెళ్ళేదాకా నీళ్ళు ముట్టను.

ఈ నెలాఖరుకు కౌంటరు చూసే పట్టాభిరామన్ సార్ పని మానేస్తున్నారు. ఆ పని నాకు వచ్చు. మొదలాళికి కూడా తెలుసు. నాకిమ్మని అడిగాను.

"పని గురించి కాదు ఆర్తీ," అన్నాడు ఆయన. "కౌంటర్‌లో కూర్చునే మనిషి ఆరు రోజులూ టైముకు లోపల ఉండాల. పడవలోళ్ళు కాచుకోని ఉంటారు. నీకు యాడ కుదురుతాది?"

"దోవ చేసిస్తే కుదురుతాది మొదలాళీ."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ వారంలోనే తిన్నె పక్కన సిమెంటుతో వాలుగా దారి పోయించాడు. అది గడప దాకా వచ్చి ఆగిపోయింది.

"గడప కొంచెం కోయించరా?" అని అడిగాను.

"గడప కోస్తే మా అమ్మ నన్ను కోస్తాది," అన్నాడు.

చివరికి తేంగాయితిట్టులో పడవలు చేసే వడ్రంగి రాజేంద్రన్ వచ్చాడు. గడపకు తగలకుండా ఇటునుంచి అటు దాటే వంపు చెక్క పలక చేసి ఇచ్చాడు. బోర్లించిన చిన్న పడవలా ఉంది. మొదటిరోజు మొదలాళి నా కుర్చీకి పూలదండ వేయించి, కొత్త బండికి పెట్టినట్టు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. తంగవేల్ అన్న హారన్ కొట్టినట్టు నోటితో అరిచాడు. నిమ్మకాయలు నలిపి, పలక ఎక్కి, దిగి, నా బల్ల దగ్గరకు నా చేతులతోనే వెళ్ళాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లకంటే, బల్ల దగ్గర బ్రేకు వేసుకున్నప్పుడు వచ్చిన చిన్న శబ్దం బాగుంది.

తర్వాత శుక్రవారం వచ్చింది.

ఆటో దిగి సిమెంటు దారి ఎక్కేసరికి పలక గోడకు ఆనించి ఉంది. గడప మీద పసుపు తడిగా మెరుస్తోంది. మొదలాళి గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"శుక్రవారం గదా ఆర్తీ. గడప మూసిపెట్టకూడదు. సాయంత్రం దీపం పెట్టినాక పలక వేసేది. ముందే చెప్పి ఉండాల్సింది, మర్చిపోయినా."

"అవ్వను అడిగినారా?"

"అమ్మను యాడ అడిగేది? ఆమెకు ఇట్టాంటివి అడిగితేనే కోపం." గొంతు తగ్గించాడు. "ఒక్క దినమే గదా. తంగవేలు ఎత్తి పెడతాడు. లేదంటే శుక్రవారం లీవు తీసుకో. నేనేమీ అనుకోను."

తంగవేల్ అన్న అప్పటికే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"వద్దన్నా," అన్నాను. "ఎత్తొద్దు."

"ఏంది పాప్పా, నేను కింద పడేస్తానా?"

"నువ్వు పడెయ్యవు. నేనే ఎత్తించుకోను."

శుక్రవారం లీవు తీసుకుంటే కౌంటరుకు ఐదు రోజుల మనిషినవుతాను. ఐదు రోజుల మనిషికి కౌంటరు ఇవ్వరు. కిందికి దిగి తిన్నె పక్కకు కుర్చీ తిప్పుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. వైఫై అక్కడిదాకా వస్తుంది.

ముందుగా వచ్చింది వైతికుప్పం మణికంఠన్ అన్న. రెండు పడవల యజమాని, నోరు పెద్దది.

"ఏం మా, కౌంటరు వీధికి వచ్చేసిందా? బేరం అంత బాగుందా?"

"లోపల గాలి లేదన్నా. మీకేం కావాలో చెప్పండి."

ఆయన తాళ్ళు చెప్పాడు. నేను బిల్లు కొట్టాను. తంగవేల్ అన్న లోపలినుంచి సరుకు తెచ్చిచ్చాడు. తర్వాత వచ్చినవాళ్ళు కూడా కౌంటరు ఇక్కడే అనుకుని నా కుర్చీ చుట్టూ నిలబడ్డారు. ఎదురు కొట్టువాళ్ళు మెట్లమీదికి వచ్చి చూశారు. మొదలాళి రెండుసార్లు తలుపు దాకా వచ్చి, వాళ్ళను చూసి లోపలికి పోయాడు. ఎండ తిన్నె నీడను కొరుక్కుంటూ నా మోకాళ్ళ మీదికి వచ్చింది. కుర్చీ కొంచెం జరుపుకున్నాను.

లోపలినుంచి విశాలాక్షి అవ్వ గొంతు వినిపించింది. "ఏందిరా ఆ గలాటా?" తలుపుచెక్క పట్టుకుని, ఒక కాలు తర్వాత ఒక కాలు గడప దాటించి తిన్నె మీదికి వచ్చింది.

"వీధిలో ఏం చేస్తా ఉండావు మే?"

"బిల్లు కొడతా ఉండా అవ్వా."

"లోపల కొట్టొచ్చు గదా?"

"పలక తీసేసినారు."

"శుక్రవారం గదా."

"శుక్రవారం గూడా నాకు పని ఉండాది అవ్వా."

"ఎత్తుకోని పొమ్మను. ఇంత మంది మొగోళ్ళు ఉండారే."

"ఎత్తుకోని పొయ్యేది మూటను అవ్వా. నేను కౌంటర్‌కు వచ్చినా."

వేడుక చూస్తూ ఇంకా అక్కడే ఉన్న మణికంఠన్ అన్న దగ్గాడు. అవ్వ ఆయనవైపు చూసింది. ఆయన తాళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"గడప మూసేస్తే లక్ష్మి యాడనుంచి వస్తాది? చెప్పు," అంది అవ్వ.

నాకు భయం వేసింది. అయినా చెప్పాను. "పలక మీదనుంచి వస్తాది. నేను రాలేదా?"

అవ్వ గిరుక్కున తిరిగింది. లోపలికి వెళ్ళిపోయింది. మొదలాళి గుమ్మంలో నిలబడి, అంతా పాడు చేశావన్నట్టు నావైపు చూశాడు. తర్వాతి బిల్లు తప్పు కొట్టి, మళ్ళీ కొట్టాను.

కాసేపటికి అవ్వ పసుపు గిన్నెతో తిరిగి వచ్చింది.

"తంగవేలూ, ఆ పలక తెచ్చి వెయ్యి."

"అమ్మా, శుక్రవారం..." అన్నాడు మొదలాళి.

"నాకు తెలీదా శుక్రవారమని? నువ్వు పుట్టకముందునుంచి వస్తా ఉండాది. ఆ పిల్లను తెల్లార్నుంచి ఎండలో కూర్చోబెట్టేముందు నన్ను ఒక మాట అడగొచ్చు గదా? నేనేమన్నా పులినా?"

ఆ ఇంట్లో చాలా ఏళ్ళుగా అందరూ ఆమెను పులి అనుకునే తప్పించుకు తిరుగుతున్నారు.

పలక వేశారు. అవ్వ మెల్లగా వంగి, పలక రెండు అంచులకూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. నడుమ నా కుర్చీ పట్టేంత మేర వదిలేసింది.

"ఈ పలక ఉన్నంతసేపు ఇదే గడప. బొట్లు తొక్కకుండా చూసుకోని రా."

లాప్‌టాప్ మూసి వెళ్ళాను. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కాను. దిగేటప్పుడు ఎడమ చక్రం అంచును తాకింది. హాల్లో నా బల్ల దాకా సన్నటి పసుపు గీత పడింది.

"కళ్ళు యాడ పెట్టుకోని తోలతావు మే!" అని అరిచింది అవ్వ. అరుస్తూనే నవ్వింది.

మొదలాళి ఆ గీతను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పట్టాభిరామన్ సార్‌తో, "ఒకటో తేదీనుంచి ఆర్తి కూర్చుంటాది. ఇప్పట్నుంచే అన్నీ చూపించండి," అన్నాడు. నావైపు తిరిగి, "ఆరు రోజులూ," అన్నాడు.

"ఆరు రోజులూ," అన్నాను.

అవ్వ పెద్ద స్టీలు లోటాలో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "ఎండలో ఉండావు. తాగు."

గొంతు ఎండిపోయి ఉంది. లోటా చల్లగా ఉంది.

"పెరటి గడపకు గూడా ఒక పలక కావాల అవ్వా. బాత్రూముకు పోవాల గదా. అది చేసినాక తాగుతా."

అవ్వ నన్ను చూసింది, లోటాను చూసింది. దినమంతా నీళ్ళు తాగకుండా పని చేస్తున్నానని అప్పుడే అర్థమైనట్టుంది.

"ఒరే ఆదీ!" అని కేకేసింది. "ఆ పడవల వడ్రంగికి ఫోన్ కొట్టు."

మొదలాళి జేబులో ఫోన్ వెతుక్కున్నాడు. నేను లోటాను ఆయనకు బాగా కనిపించేలా బల్ల మధ్యకు జరిపి, తర్వాతి బిల్లు తీశాను.