బావ ఇచ్చిన ధైర్యం

దొడ్డికి వెళ్తే నెత్తురు పడుతోందన్న సంగతి గంగులు సొంత అక్కతో చెప్పుకోలేక బావతో చెప్పుకున్నాడు. బావ నరసింగరావు నెల్లిమర్లలో జూట్‌ మిల్లు కార్మికుడు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడు అతనికీ ఇలాగే నెత్తురు పడితే, విజయనగరంలో డాక్టర్ మురళీమోహన్ ఆపరేషన్ చేశాడు. పేగుల జబ్బులకి ఆయన పెద్ద సర్జన్.

పొలం గట్టు మీద కూర్చుని గంగులు తల వంచుకుని చెబితే నరసింగరావు నవ్వేశాడు.

"ఓస్, ఇంతేనేటిరా. మొలలు. మీ ఇంటి అల్లుణ్ణయినందుకు ముందు నాకొచ్చినాయి. ఇప్పుడు సొంతింటికి ఎల్లినాయి."

"దొడ్డికి పోడానికి నీకు కడుపుకి సంచి కట్టినారు కదా బావ?"

"లోపల పుండు ఆరీవరకూ కట్టినారు. తర్వాత తీసీలేదేటి? నన్ను సూడు, దున్నపోతులా ఉన్నాను. మిరపకాయ మానీ, మజ్జిగ తాగు. కోతలయినాక ఎల్దుం."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అతనికి తెలిసింది అంతే. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఎక్కించిన సెలైన్లు బలానికన్నారు. ఆ రోజుల్లో చన్నీళ్లు తగిలితే వేళ్లు జివ్వుమనేవి. నెత్తురు తక్కువన్నారు. అంతా అయ్యాక అరసవల్లి వెళ్తే భార్య ఈశ్వరి తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టింది. "మొలలకి ఇంత మొక్కేటే?" అని అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

కోతలయ్యాయి, నూర్పులూ అయ్యాయి. గంగులు చొక్కా భుజాల మీంచి జారిపోయేంత చిక్కిపోయాడు. అప్పుడు నరసింగరావే అతన్ని విజయనగరం తీసుకెళ్లాడు. ఈశ్వరితో కడుపునొప్పి అని చెప్పారు. డాక్టరు పరదా వెనక పడుకోబెట్టి, గ్లౌజు వేసుకుని వేలితో పరీక్ష చేశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు, స్కానింగ్ రాశాడు.

రిపోర్టులు వచ్చిన రోజు గంగుల్ని బయట బెంచీ మీద ఉంచి, నరసింగరావు ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

"క్యాన్సరే నరసింగరావు గారూ. బాగా పెరిగింది, మలద్వారానికి ఆనుకుని ఉంది. మీది చిన్నగా ఉండగా దొరికింది కాబట్టి తర్వాత సంచి తీసేయగలిగాం. ఇతనికి ముందు విశాఖలో కరెంటు పెట్టించాలి, అదే రేడియేషన్. ఆ తర్వాత ఆపరేషన్. సంచి మాత్రం జీవితాంతం ఉంటుంది."

"నాదేటి బాబూ?"

డాక్టరు రిపోర్టు మీంచి తలెత్తాడు. "ఈశ్వరమ్మగారు మీకింకా చెప్పలేదా?"

"మొలలన్నారు కదా బాబూ. మీరే అన్నారు."

"ఆవిడ నా కాళ్ల మీద పడింది. పేరు వింటే మీరు బెంగతోనే పోతారంది. ఇక్కడికొచ్చే ప్రతి ఇంటివాళ్లూ అదే అడుగుతారు. నయమయ్యాక ఆవిడే చెబుతుందనుకున్నాను."

నరసింగరావు కడుపు మీది మచ్చ తడుముకున్నాడు. కోసింది తన కడుపు. అందులో ఏముందో డాక్టరుకి తెలుసు, సెలైనులో క్యాన్సర్ మందు ఎక్కించిన నర్సుకి తెలుసు, పక్కన పడుకున్న పెళ్లానికి తెలుసు. తనకొక్కడికే తెలియదు. అరసవల్లిలో చేతులు జోడించి, చిన్న జబ్బుతో వదిలేశావు తండ్రీ అని దణ్ణం పెట్టుకున్నాడు. ఆ దణ్ణం స్వామి దేనికింద జమ కట్టుకున్నాడో? ఆయనకీ తెలుసు కదా.

"మొన్న కోతలకి ముందే తీసుకొచ్చుంటే?"

డాక్టరు రిపోర్టు మడిచాడు. "కొంత తేడా ఉండేది. ఎంతని చెప్పలేను." తర్వాత గొంతు తగ్గించాడు. "అతనికి మాత్రం ఇప్పుడే ఏమీ అనకండి. మొలలు ముదిరాయందాం. ధైర్యంగా ఉంటే వైద్యానికి ఒప్పుకుంటాడు."

"ఆ ధైర్యం నేనిచ్చీసినాను బాబూ. అది పుచ్చుకునే ఇన్నాళ్లూ కూకున్నాడు." నరసింగరావు లేచి తలుపు తీశాడు. "గంగులూ, లోపలికి రా. బాబు సెప్తారు."

డాక్టరు కాగితం తీసి పేగు బొమ్మ వేసి, ఎక్కడుందో, ఏం చేయాలో నెమ్మదిగా చెప్పాడు. గంగులు బొమ్మ వైపు చూడలేదు. బావ వైపే చూశాడు.

"నీకూ ఇదేనా?"

"ఇదే."

"నీకు తెల్దా?"

"తెల్దురా. ఇప్పుడే తెలిసింది."

"నమ్మమంటావేటి?"

నరసింగరావు దగ్గర చూపించడానికి ఏ రుజువూ లేదు. నెల్లిమర్ల ఆటోలో గంగులు వెనక సీటు ఖాళీగా ఉన్నా డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక నరసింగరావు ఈశ్వరిని అడగవలసినవన్నీ కూడబెట్టుకున్నాడు. నా జబ్బు నాకు చెప్పకుండా దాచడానికి నువ్వెవరివి? రోజూ నా ముఖం ఎలా చూశావు? ఒక్కోటీ పళ్ల కింద నలుగుతోంది.

ఈశ్వరి గుమ్మంలోనే ఎదురయింది. "ఏటన్నారండీ డాక్టరుబాబు?"

నరసింగరావు నోరు తెరిచేలోపు వెనకనుంచి గంగులు అన్నాడు.

"మొలలట అక్కా. బావకొచ్చినవే."

ఇంకో అక్క అయితే ఆ మాటకి ఊపిరి పీల్చుకునేది. ఈశ్వరి ద్వారబంధం పట్టుకుంది. తమ్ముడి జారిపోతున్న చొక్కా చూసింది. ఆ తర్వాత మొగుడి ముఖం చూసింది.

"మీకు సెప్పీసినారా?" అంది, వినబడీ వినబడకుండా.

నరసింగరావు దారంతా కూడబెట్టుకున్నవాటిలో ఒక్కటీ పైకి రాలేదు. గంగులు ఇద్దర్నీ దాటుకుని లోపలికి వెళ్లి, బిందెలోంచి నీళ్లు ముంచుకుని తాగాడు.