ఎర్ర చుక్కలు

ఫ్రిజ్ తుడుస్తుంటే క్యాలెండర్ జారి కింద పడింది. "మెల్లగా. మన పన్నంతా అందులోనే ఉంది" అన్నాడు మా ఆయన చెస్టర్. నేను మా పాత ఊరు బఫెలోలో గడిపే ప్రతి రోజుకీ అందులో ఒక ఎర్ర చుక్క. పెట్టేది తనే. ఏడాదిలో అవి నూట ఎనభై మూడు దాటితే తన కంపెనీ పెన్షన్ మీద న్యూయార్క్ రాష్ట్రం పన్ను అడుగుతుందట. ఫ్లోరిడాలో ఆ బెడద లేదు. అందుకే నాలుగేళ్ల క్రితం ఇక్కడికి మారాం. 'మారాం' అని అలవాటుగా అనేస్తాను గానీ, మారింది తను. నేను గిన్నెలు సర్దాను.

బఫెలోలో మాది రెండు వాటాల ఇల్లు. పైన మా అక్క ఐరీన్, కింద మేము. కాఫీ కాగగానే అక్క చీపురుకర్రతో నేల మీద రెండు దెబ్బలు కొట్టేది, నేను మెట్లెక్కేదాన్ని. వేసవిలో వెళ్లి ఉండడానికని కింది వాటా అలాగే ఉంచుకున్నాం. అక్కడ సొంత వాటా ఉన్నవాళ్లకే ఈ రోజుల లెక్కట; ఇల్లుంది కనక చుక్కలు కూడా ఉన్నాయి. నవంబరులో అక్క పడి తుంటి విరగ్గొట్టుకుంది. "నీకింకా తొమ్మిది రోజులున్నాయి, వెళ్లిరా" అన్నాడు చెస్టర్, సెలవు మంజూరు చేసినట్టు. అక్క ఇంకా మంచం దిగకముందే తిరిగొచ్చేశాను. మొన్న ఫోనులో, "పొద్దున మర్చిపోయి నేలమీద కొట్టానే లొరైన్" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇక్కడ పక్కింట్లో ఎవరుంటారో నాకీనాటికీ తెలియదు. పగలంతా ఏసీ చప్పుడు తప్ప నాతో మాట్లాడేది ఏదీ లేదు.

ఫిబ్రవరిలో లైబ్రరీలో పన్ను కాగితాలు నింపిపెట్టే ఒకావిడ దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు బడి వంటగదిలో వడ్డించినందుకు నాకూ ఒక చిన్న పెన్షన్ ఉంది. ఆవిడ కాగితాలు చూసి, "మీ బడి పెన్షన్ మీద న్యూయార్క్ పన్నే వెయ్యదు కదమ్మా. రోజులంటారా, ఎవరివి వాళ్లవే. మీరెన్నాళ్లున్నా ఆయన లెక్కలో పడవు" అంది.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. చెస్టర్ పేపర్ లోంచి తల ఎత్తలేదు.

"తెలుసులే. నువ్వక్కడ కూచుంటే ఇక్కడ నా సంగతేంటి?"

ఆ 'తెలుసులే' దగ్గరే నేను ఆగిపోయాను. తెలిసీ నాలుగేళ్లు చుక్కలు పెట్టాడు. ఏడుపు రాలేదు. సూట్‌కేసు దించాను.

బఫెలోలో మోకాలి లోతు మంచు. మర్నాడు పొద్దున పైనుంచి చేతికర్రతో రెండు దెబ్బలు వినిపించాయి. అదే సమయానికి చెస్టర్ ఫోను. ఎన్ని చుక్కలు పెట్టమంటావని అడిగాడు.

"పెన్నుకి మూత పెట్టెయ్, చెస్టర్" అని మెట్లెక్కాను.