పీతకు దండం

రాజధాని బియన్‌లియాంగ్‌లో చక్రవర్తిగారి కోసం సర్వవిషయ గ్రంథం కూరుస్తున్న రోజులవి. పాత పుస్తకాల్లోని వాక్యాలు కోసి, ఆకాశం, భూమి, పక్షులు అంటూ వర్గాలవారీగా అతికించడం మా ఉద్యోగం. సొంత ముక్క ఒక్కటి రాయకూడదు. ఖాళీ దొరికితే కోతలు కోసుకోవచ్చు. ఆ రెండో కోతలో నన్ను మించినవాడు లేడు.

నాది భూతప్రేతాల విభాగం. దాని అధిపతి పదవి ఖాళీ అయింది. నాకో, నా పక్క బల్ల లాయ్ చుంగ్‌కో దక్కాలి. తేల్చడానికి ప్రధాన సంపాదకులు గూ గారు మమ్మల్నందరినీ భోజనానికి పిలిచారు.

వంటవాడు మూత తీశాడు. ఆవిరి తగ్గాక చూద్దును కదా, పళ్లెంలో పీత! నేను తటాలున లేచి, చేతులు జోడించి, గడ్డం బల్లకు తగిలేలా వంగాను.

కాసేపటికి లాయ్ చుంగ్ లేచి వంగాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లూ వంగారు. చివరికి గూ గారు కూడా మోకాళ్లు పట్టుకుని లేచి వంగారు. పీత మాత్రం మర్యాదకైనా కదల్లేదు.

"ఏ కాలపు ఆచారమోయ్ ఇది, షుయె?" అన్నారు గూ గారు నాతో.

లాయ్ చుంగ్ అందుకున్నాడు. "పూర్వకాలపు జౌ రాజుల నాటిదండీ. చాలాచోట్ల చదివాను."

"నిన్నడగలేదు. షుయె, పుస్తకం పేరు చెప్పు. గ్రంథంలో ఎక్కిద్దాం."

ఏదో ఒక పేరు కోసేస్తే పదవి నాదే. నోరు తెరిచాను. సరిగ్గా ఆ పూటే నిజం ఊడిపడింది.

"పుస్తకం కాదండీ, మా అమ్మమ్మ గుమ్మం. మా పడమటి కొండల్లో పీతలుండవు. ఊరికంతటికీ ఒక ఎండు పీత ఉండేది. ఎవరికి చలిజ్వరం వచ్చినా అరువు తెచ్చి గుమ్మానికి కట్టేవాళ్లం. జ్వరం దెయ్యం దాన్ని చూసి పారిపోతుందని. దండం పెట్టకపోతే అమ్మమ్మ మొట్టేది. ఇది తినేదని ఇప్పుడే తెలిసింది."

"మరి గ్రంథంలో దీన్నెక్కడ అతికించావు?"

"పిశాచాల్లోనండీ. ఎనిమిది కాళ్లు, రెండు పట్టకార్లు, పక్కకు నడక అని రాసి ఉంటే ఇంకేమనుకుంటాను?"

"నాకు ముందే అనుమానమొచ్చిందండీ," అన్నాడు లాయ్ చుంగ్.

"అనుమానిస్తూనే వంగావా? పదవి ఇద్దరికీ లేదు. కూర్చోండి."

పీత కష్టాలు పీతవంటారు. నా కష్టాలూ పీతవే. విభాగాధిపతి కావలసినవాణ్ణి అభాగ్యాధిపతినయ్యాను. ఎలాగూ పోయిందే కదా అని అడిగేశాను.

"మరి మీరెందుకు వంగారు, అయ్యగారూ?"

గూ గారు పీత కాలొకటి విరిచి, అందరివంకా చూశారు.

"నీకు తెలిసింది నాకు తెలియదని వీళ్లకు తెలిసిపోతుందని. వీళ్లూ అందుకే వంగారు, అడిగి చూడు."