పదిహేడో నంబరు ముద్ర

పొద్దున ఎనిమిది కాకముందే అమెరికా కాంగ్రెస్ విచారణ కమిటీ గది బయట వరండా పొడుగునా క్యూ ఉంది. అందులో సగంమంది కూలికి నిలబడ్డవాళ్లే. కంపెనీల లాయర్లు పదింటికి తీరిగ్గా వచ్చేదాకా వాళ్ల చోటు కాయడం వీళ్ల పని. వాషింగ్టన్‌లో అది కూడా ఒక ఉద్యోగమే. బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు ఆ కూలివాళ్ల వెనక నిలబడ్డారు.

వెండెల్ క్రౌస్‌కి క్యూ బాధ లేదు. అతను సాక్షి. ఒహాయో నుంచి ఎనిమిది గంటలు బండి నడుపుకుంటూ వచ్చాడు. పెద్ద కూతురి పెళ్లికి కుట్టించిన కోటు వేసుకున్నాడు, అది పొట్ట దగ్గర బిగుసుకుంటోంది. గది తలుపు వైపు నడుస్తుంటే క్యూలోంచి ఒక ముసలావిడ చెయ్యి చాచి అతని మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వే కదా వెండెల్? నా పేరు ఓపల్. కోల్బీ వాళ్లమ్మని. మోంటానా నుంచి వచ్చాను."

కోల్బీ హాగర్టీ పేరు అతనికి బాగా తెలుసు. కొండమీద కార్చిచ్చు ఆర్పుతుండగా మంట చుట్టుముట్టి చనిపోయిన అయిదుగురిలో అందరికంటే చిన్నవాడు, ఇరవై మూడేళ్లవాడు.

ఓపల్ తన కోటు మీది గుండ్రటి బ్యాడ్జి తీసింది. అందులో కోల్బీ నవ్వుతున్నాడు, ముక్కు మీద మసి. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లందరూ తమ పిల్లల బొమ్మలు అలా పెట్టుకుని వచ్చారు.

"ఇది నువ్వు పెట్టుకో. నా దగ్గర ఇంకోటి ఉందిలే. అంత పెద్ద కంపెనీలో నోరు విప్పిన మగాడివి నువ్వొక్కడివే. ఉద్యోగం కూడా పోయిందటగా? కదలకు, గుచ్చుకుంటుంది." ఆవిడే అతని గుండెమీద గుచ్చింది. "కోటు బిగుసుకుపోయిందయ్యా నీకు. నవ్వులాటకి అంటున్నా, ఏమనుకోకు."

వెండెల్ నవ్వబోయాడు, రాలేదు. "అమ్మా, మీతో ఒక మాట..." అనేలోపల కమిటీ లాయరు మార్గో వచ్చి, "క్రౌస్ గారూ, టైమైంది," అని లోపలికి తీసుకుపోయింది.

ఆ మాట చెప్పడానికే అతను అంత దూరం వచ్చాడు.

వెండెల్ పంతొమ్మిదేళ్లపాటు తనిఖీ పని చేసిన కంపెనీ, కార్చిచ్చులార్పే శాఖకి ఫెడరల్ కాంట్రాక్టు మీద వెండిరేకు గుడారాలు కుట్టి పంపేది. మంట చుట్టుముడితే ఆర్పేవాళ్లు నేలమీద బోర్లా పడుకుని ఆ గుడారాన్ని మీద కప్పుకుంటారు. రేకునీ లోపలి గుడ్డనీ అంటించే జిగురు వేడికి ఊడకూడదు. అందుకని ప్రతి బ్యాచ్‌లోంచీ ఒకటి తీసి పొయ్యిలో కాల్చి, లాగి చూడాలి. ఊడకపోతే తనిఖీదారు చీటీ మీద తన నంబరు ముద్ర వెయ్యాలి. వెండెల్ నంబరు పదిహేడు.

ఒహాయోలో జింకల వేట మొదలయ్యే సోమవారం ఫ్యాక్టరీలో పురుగు కూడా ఉండదు. స్కూళ్లకి కూడా సెలవిచ్చేస్తారు. రెండేళ్ల కిందట ఆ సోమవారానికి ముందు, థాంక్స్‌గివింగ్ పండగ రోజుల్లో, షిఫ్ట్ పెద్ద రస్టీ అతని బల్లమీద చెయ్యేసి నిలబడ్డాడు.

"పొయ్యి చెడిపోయిందిరా. వారంలో బాగవుతుంది. లారీ మాత్రం సోమవారమే. ఖాళీ చీటీల మీద ఓ నలభై ముద్రలేసి పోరా, బాబూ. చీటీలు నేనే అంటిస్తా, ఒక గుడారం ఆపి ఉంచి పొయ్యి బాగయ్యాక పరీక్ష చేస్తాగా."

"శాఖ మనిషి వస్తే?"

"వాడికి నాలుగు రాష్ట్రాలు. పైగా వాడూ వేటకే పోతాడు. నీ ముద్ర ఉంటే చాలు, వాళ్లు గుడారం మొహం కూడా చూడరు."

అది నిజమే. వెండెల్ ముద్రలేశాడు, నిలబడే, కాఫీ చల్లారేలోపు. చలికాలం ముందు అక్కడ అందరూ చేసే పనే అది. ఎవరికీ తప్పనిపించేది కాదు. ఆ సోమవారం అతనికి ఎనిమిది కొనల కొమ్ములున్న జింక దొరికింది. ఫోటో కూడా తీయించుకున్నాడు.

మరుసటి వేసవిలో కొండమీద అయిదు గుడారాల జిగురు ఊడిపోయింది. అయిదింటి చీటీల మీదా పదిహేడే.

వెండెల్ కమిటీకి ఉత్తరం రాశాడు. కంపెనీ పరీక్షలు ఎగ్గొట్టిన నెలలన్నీ రాశాడు. తన ముద్ర సంగతి మొదటి పేజీలోనే రాశాడు. దాన్నుంచి అతను కమిటీ ముందు చదవాల్సిన కాగితం తయారుచేస్తూ మార్గో ఆ ముక్క తీసేసింది.

"ఈ విచారణ, శాఖ మీదండీ, మీ మీద కాదు," అంది ఫోన్లో. "కాంట్రాక్టు ఇచ్చి, సరుకు చూడకుండా తీసుకున్న పెద్దల్ని నిలదియ్యడానికి సభ్యులకి ఇదొక్కటే అవకాశం. మీరు వెళ్లి నేనే ముద్ర వేశానంటే, తెల్లారేసరికి పేపర్లన్నీ మీ మీద పడతాయి, వాళ్లు చేతులు దులుపుకుంటారు. ఎవరైనా అడిగితే చెప్పండి. అడక్కుండా మాత్రం వద్దు."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఒప్పుకున్నాడు. ఎవరో ఒకరు అడక్కపోతారా అనుకున్నాడు. పది మంది సభ్యులు, మనిషికి అయిదు నిమిషాలు. చీటీ మీద ముద్ర ఎవరిదని ఒక్కడికీ తోచదా?

చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. బల్లమీద టైం చూపించే చిన్న దీపం ఆకుపచ్చగా వెలిగింది. రాసి ఇచ్చిన కాగితం చదివాడు. దీపం పసుపుపచ్చకి మారింది, ఎర్రబడింది. అధ్యక్షుడు థాంక్స్ చెప్పాడు.

తర్వాత సభ్యుల వంతు. ఒకాయన అయిదు నిమిషాల్లో నాలుగున్నర నిమిషాలు తనే మాట్లాడాడు, కెమెరా వైపు తిరిగి. ఒకావిడ శాఖ అధికారిని చెడామడా తిట్టింది. అతను, "చాలా మంచి ప్రశ్న వేశారు, విచారించి రాసి పంపుతాం," అన్నాడు. ఆరుగురు అడిగితే ఆరుసార్లూ అదే అన్నాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరగడం వెండెల్‌కి కొత్త కాదు. మొరగడానికి కూడా మనిషికింతని టైం పంచి పెట్టుకుంటారని మాత్రం ఆ రోజే చూశాడు.

వెనక వరసలో ఓపల్ ఉంది. ఆవిడ చూపు తన మెడమీద ఉన్నట్టే ఉంది.

ఏడో సభ్యుడు అతని వైపు తిరిగాడు. "క్రౌస్ గారూ, ఆ బ్యాచ్‌కి పరీక్ష జరిగిందా? అవునా, కాదా?"

వెండెల్ మైకు దగ్గరికి జరిగాడు. గుండె కొట్టుకుంటుంటే బ్యాడ్జి కూడా కదిలినట్టనిపించింది. "జరగలేదు సర్. ఎందుకంటే ఆ రోజు నేనే..."

"అవునా కాదా అనే అడిగాను."

"జరగలేదు. కానీ ఆ ముద్ర..."

"నాకింక ముప్ఫై సెకన్లే ఉన్నాయి. థాంక్యూ. ఇప్పుడు శాఖవారిని అడుగుతాను..."

అంతలో గంటలు మోగాయి. అవతల సభలో ఓటింగు. సభ్యులు ఫైళ్లు మూసి ఒకరి వెనక ఒకరు లేచిపోయారు. అరగంటయ్యాక అధ్యక్షుడొక్కడే తిరిగొచ్చి, ఖాళీ కుర్చీల మధ్య నిలబడి చెప్పాడు. "సాక్షులు ఇంకేదైనా చెప్పదలిస్తే రాసి పంపవచ్చు. పది రోజులవరకూ రికార్డులో చేరుస్తాం." విచారణ ముగిసిందని సుత్తితో బల్లమీద కొట్టాడు.

వరండాలో ఓపల్ అతన్ని కావలించుకుంది. ఆవిడ తల అతని గడ్డం దాకా కూడా రాలేదు.

"బాగా చెప్పావు, తండ్రీ. మా కోల్బీ వింటే సంతోషించేవాడు."

అప్పుడు చెప్పాల్సింది. మధ్యలో ఆపేవాళ్లు లేరు, దీపం లేదు, గంట లేదు. నోరు తెరిచాడు. "దారి జాగ్రత్తమ్మా, పొగమంచుంటుంది," అన్నాడు.

ఇంటికొచ్చాక తొమ్మిదో రోజుదాకా పెన్ను పట్టుకోలేదు. తొమ్మిదో రోజు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక పేజీ రాశాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాడి రాత, వంకరటింకర. 'చీటీల మీద పదిహేడు నంబరు నాది. పొయ్యి చెడిందని తెలిసే, గుడారాలు చూడకుండా ముద్రలేశాను. వేటకి పోవాలని వేశాను. రస్టీ అడిగాడు, నిజమే, కానీ వేసిన చెయ్యి నాది. ఓపల్ హాగర్టీ గారికి ఎదురుగా చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను.' పోస్టులో వేశాడు.

పేపరువాళ్లు వస్తారని వారం రోజులు కిటికీలోంచి చూశాడు. ఎవరూ రాలేదు. మార్గో నుంచి ఒక ముక్క వచ్చింది: అందింది, చేర్చాం. శాఖవాళ్లు రాసి పంపుతామన్న జవాబులు పంపారో లేదో అడిగిన నాథుడు లేడు. కంపెనీ పేరు మార్చుకుని మళ్లీ టెండరు వేసింది. అందరికంటే తక్కువ రేటు దానిదే, కాంట్రాక్టూ దానికే.

వెండెల్ ఒక గొడౌన్‌లో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. కోల్బీ బ్యాడ్జిని తన ట్రక్కులో, అద్దం పైన ఎండకి దించుకునే అట్టకి గుచ్చుకున్నాడు. ఎండ ఎదురైనప్పుడల్లా ఆ మసిముక్కు అబ్బాయి కళ్లముందుకి దిగేవాడు. ఆ ఏడు వేటకి పోలేదు.

మరుసటి వసంతంలో విచారణ పుస్తకం అచ్చయి వచ్చింది. సాక్షులకీ, చనిపోయినవాళ్ల ఇళ్లకీ తలొకటి. మందపాటి పుస్తకం, అక్షరాలు చీమతలలంత. అతని పేజీ చిట్టచివర అనుబంధాల్లో, శాఖ పంపిన పట్టికల మధ్య ఉంది, రెండు వందల పద్నాలుగో పేజీ. దేశంలో ఇది చదివే మనిషి పుట్టలేదనుకున్నాడు. హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మూడు వారాలకి మోంటానా నుంచి కవరు వచ్చింది. లోపల గీతల కాగితం.

'క్రౌస్ గారికి. రెండు వందల పద్నాలుగో పేజీ చదివాను. రెండుసార్లు చదివాను. మా అబ్బాయి బ్యాడ్జి దయచేసి తిరిగి పంపండి. ఓపల్ హాగర్టీ.'

నువ్వు అన్న మనిషి మీరు అంది. తండ్రీ అన్న నోరు గారు అంది. వెండెల్ ఆ కాగితం పట్టుకుని వెళ్లి ట్రక్కులో కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. తర్వాత బ్యాడ్జి ఊడదీశాడు. అట్టమీద రెండు చిల్లులు మిగిలాయి. చొక్కా కొసతో అబ్బాయి మొహం తుడిచి, దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టాడు. ఇంకేదైనా రాసి పెడదామని కాగితం తీశాడు, మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

పోస్టాఫీసులో కౌంటరు వెనకావిడ రోజూ అందరినీ అడిగేదే అడిగింది. "పగిలేవి, పాడైపోయేవి, ప్రమాదమైనవి ఏమైనా ఉన్నాయా లోపల?"

ఇన్నాళ్లకి ఒకరు, లోపల ఏముందని అతన్ని అడిగారు.

"ఒక అబ్బాయి ఉన్నాడండీ," అన్నాడు వెండెల్. "ఇరవై మూడేళ్లు. చీటీ మీద ముద్ర నాదే..."

"ఊ," అంది ఆవిడ. తలెత్తకుండా డబ్బామీద ముద్ర కొట్టి, వెనకున్న బుట్టలో పడేసింది. "నెక్స్ట్."