అటువైపు వాకిలి

తోటలో ఉన్న ఆ పాత పెంకుటింట్లో మొదట ఒకటే పెద్ద హాలు. పదిమంది పట్టినా లేవని దూలం, దాని కింద నడిమధ్యన ఒక కొయ్య స్తంభం. తాతల కాలంలో అన్నదమ్ములు తగువు పడి, స్తంభాన్ని కూడా కలుపుకుంటూ దూలం పొడుగునా ఇటుక గోడ లేపేశారు. అటువైపు వాళ్లు వేరే వాకిలి పెట్టుకున్నారు. ఇన్నాళ్లకు మనవలు మళ్లీ కలిసి, గోడ తీసేయమన్నారు. ఒక ఇంటికి రెండు వాకిళ్లెందుకని మేస్త్రి అటువైపుది నాలుగు రోజుల ముందే ఇటుకలతో మూసేశాడు. గోడ తీశాక మూయొచ్చు కదా? అంత తొందరేమొచ్చిందో ఆ పెద్దమనిషికి!

ఆ ఉదయం గోడ సగం తీశాడు. ఆ సందులోంచి అతని భార్య అటువైపు వెళ్లి, రాలిన ఇటుకలు పేరుస్తోంది. ఇంటివాళ్లంతా పొలంలో ఉన్నారు.

పైన కిర్రుమంది.

మేస్త్రి తలెత్తాడు. దూలం మీంచి సన్నగా మన్ను రాలుతోంది. స్తంభం ఉందిలే అనుకుంటూ తాపీతో దాన్ని తట్టాడు. తాపీ పిడిదాకా లోపలికి దిగిపోయింది. అంతా చెదలు తినేసిన పొట్టు. ఇన్నేళ్లూ దూలాన్ని మోసింది స్తంభం కాదు, ఆ తగువు గోడ. అందులో సగం తన చేత్తోనే ఊడబీకాడు.

మిగిలిన గోడ కళ్లముందే నిలువునా చీలింది.

"ఏమయ్యా, ఏంటా చప్పుడు? ఇటొచ్చేదా?"

"రాకే! దూలం కిందకి రాకు! వెనక్కెళ్లు, మూసిన వాకిలి దగ్గరికెళ్లి నిలబడు! నీకు దండం పెడతా!"

గునపం అందుకుని ఇల్లు చుట్టి పరుగెత్తాడు. మేస్త్రి కట్టిన గోడ పడగొట్టాలంటే పూట పడుతుందని ఊరంతా చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది అతనే అనుకోండి. ఇప్పుడు ఆ మాటే అతని గుండెల్లో రాయి వేసింది. తన పనితనమే పెళ్లాన్ని చంపేలా ఉంది.

లోపల పెంకులు జారుతున్నాయి. ఆమె ఏడుస్తోంది.

"పక్కకి జరుగు!" అని అరిచి బలం కొద్దీ పొడిచాడు. ఒక్క పోటుకే ఇటుకలు బొలబొలా రాలాయి. రెండో పోటుకి మనిషి దూరేంత కంత పడింది. రెక్క పట్టి బయటికి లాగాడు. ఇద్దరూ వాకిట్లో పడ్డారో లేదో, దూలం పెంకులతో సహా కూలింది. నేల అదిరింది.

మేస్త్రి రాలిన ఇటుక ఒకటి తీసి, దానికంటుకున్న సిమెంటు మాలుని నలిపాడు. ఉత్త ఇసుకలా రాలింది.

"మాలు కలిపింది నువ్వే కదా. సిమెంటు ఎంత వేశావే?"

ఆమె తల దించుకుంది. "నువ్వు చెప్పినదాంట్లో సగమే. మిగతాది ఇంటికి దాచా. మన పొయ్యిగట్టు పగిలి ఏడాదైంది, ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికెక్కదాయె. ఇక తిట్టుకో."

మాలు పలచనైతే పనివాళ్లని తరిమికొట్టే మనిషి, ఆ ఇసుకని గుప్పిట్లో పట్టుకుని భోరుమన్నాడు.